వేడి తొట్టి దగ్గర మైలపోలు పాట

ఖమీస్ ముషైత్ పట్టణానికి ఇరవై మూడు కిలోమీటర్ల దూరంలో, కొండవాలు ముగిసేచోట ఒక ఇస్తిరాహా ఉంది. సెలవు రోజుల్లో కుటుంబాలు వచ్చి గడిపివెళ్లే విడిదిని అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు. సదరు ఇస్తిరాహాలో పంపులు, గొట్టాలు, తొట్లు చూసుకునే ఆరుగురు తెలంగాణ మనుషులకు పెద్ద భోజన్న. వయస్సు యాభై నాలుగు. స్వస్థలం నిర్మల్ జిల్లా, ఖానాపూర్‌కు దగ్గరి పల్లె. సౌదీకి వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. అందులో పదకొండేండ్లు హాయిల్ గోధుమ పొలాల్లో నీటి పంపుల దగ్గర, రెండు వేసవులు హఫర్ అల్ బాతిన్‌లో కట్టడం పని మీద, మిగిలిన కాలం ఇక్కడ గడిచాయి. హఫర్ అల్ బాతిన్‌లో పరంజా మీదినుండి జారిపడినప్పుడు దెబ్బతిన్న ఎడమ మోకాలు నేటికీ మెట్లెక్కేటప్పుడు ఆయనకు ఆ ఊరిని జ్ఞాపకం చేస్తూ ఉంటుంది.

ఇస్తిరాహా యజమాని, అనగా వీరందరి కఫీల్, క్రిందటి సంవత్సరం జపాను వెళ్లి అక్కడి వేడినీటి బుగ్గలలో స్నానం చేసి వచ్చాడు. తిరిగివచ్చిన నెలలోనే తన స్థలంలో లోతైన బోరు వేయించాడు. పొగలు కక్కుతూ నీరు పడింది. రాతి తొట్టి కట్టించాడు. అంతవరకు బాగానే ఉంది. చిక్కు వేడి దగ్గర వచ్చింది. పై ట్యాంకులో రాత్రంతా నిలిచిన తరువాత కూడా నీరు తొట్టిలోకి దిగేటప్పటికి యాభై రెండు డిగ్రీలు ఉంటుంది. మనిషి దిగి కూర్చోవాలంటే నలభై మూడుకు తగ్గాలి. చన్నీళ్లు కలిపితే తగ్గుతుంది గాని, భూమి నుండి వచ్చిన ఉప్పులు, గంధకం పలుచబడి నీటి గుణం పోతుంది. జపానులో కొన్నిచోట్ల దీనికి ఒక పద్ధతి ఉందట. మనుషులు తొట్టి చుట్టూ నిలబడి, నిలువెత్తు చెక్క పలకలతో నీటిని కలియబెడుతూ, ఆ పలకల విసురుకు తగినట్లు పాట పాడతారు. కఫీల్‌కు ఆ దృశ్యం మనస్సులో నాటుకుపోయింది. ఆ పద్ధతి నేర్పడానికి మొరియామా అనే డెబ్బై ఏండ్ల పెద్దమనిషిని రెండు వారాలకు పిలిపించాడు.

యజమాని పెట్టిన షరతు ఒకటే. రెండవ గురువారం సాయంత్రపు అసర్ నమాజు తరువాత తాను స్వయంగా వచ్చి చూస్తాడు. పలకలతో, పాటతో నీరు నలభై మూడుకు వస్తే సరి. రాకపోతే నీటిని చల్లబరిచే యంత్రం తెప్పిస్తాడు. అప్పుడు ఈ ఆరుగురికి ఇక్కడ పని ఉండదు గనుక, హఫర్ అల్ బాతిన్‌లోని తన బావమరిది కట్టడాల మీదికి పంపుతాడు. మేనేజరు నౌమాన్ పెషావర్ మనిషి, మంచివాడే. ఆ మాట దాచకుండా చెప్పి, ఆరు పేర్లు ఉన్న కాగితం కూడా చూపించాడు. మొదటి పేరు భోజన్నది.

భోజన్న మోకాలి మీద చేయి వేసుకుని ఆ కాగితం చూశాడు.

మొదటి నాలుగు రోజులు మొరియామా తన ఊరి పాటనే నేర్పచూశాడు. నాలుక తిరగలేదు. లింబాద్రి అనే యువకుడికి రెండవ చరణం దగ్గర ప్రతిసారీ నవ్వు వచ్చేది. ఒకరికి నవ్వు వస్తే ఆరు పలకలూ చెదిరేవి. చెదిరిన పలక పక్క పలకకు తగిలి వేడినీరు కాళ్ల మీద చిందేది. పాట వేడుక కోసం కాదని, ఆరు చేతులను ఒకటిగా కట్టే తాడని అప్పుడు అందరికీ అర్థమైంది. అయిదవ రోజు మొరియామా తన ఫోనులోని యంత్రానువాదం చేత హిందీలో ఒక మాట పలికించాడు: మీ ఇంటి పాట పాడండి, ఏదైనా సరే, పలక మాత్రం ఆగకూడదు.

మిగిలిన అయిదుగురూ భోజన్న వైపు చూశారు. ఎందుకంటే పద్దెనిమిదో ఏట నుండి సౌదీ వచ్చేదాకా తన పల్లెలో భజన బృందానికి పాట ఎత్తినవాడు ఆయనే.

భోజన్న ఆలోచించలేదు. పలక పట్టి కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి త్రిప్పి చూశాడు. ఆ ఊపుకు కాళ్లలో ఎప్పటినుండో ఉన్న ఒక నడక మేల్కొన్నది. గొంతు దానంతట అదే ఎత్తుకుంది. పాత తత్వంలోని మాటలు తీసివేసి నీళ్లు, పలకలు, కొండలు అంటూ కొత్త మాటలు అల్లాడు. మిగిలినవారు అందుకున్నారు. పలకలు ఒక్క దెబ్బగా పడ్డాయి. ఒక్క చుక్క బయటికి చిందలేదు. ఇరవై రెండు నిమిషాలకు నౌమాన్ వేడిమాపకం పైకెత్తి, నలభై మూడు అని అరిచాడు. మొరియామా తన ఫోనులో పాటనంతా పట్టుకున్నాడు. చేతులు జోడించి నడుము వంచాడు.

సదానందం మాత్రం తన పలకను గోడకు ఆనించి దూరంగా జరిగి నిలబడ్డాడు. ఇతడు జగిత్యాల దిక్కు మనిషి, నలభై ఏండ్లవాడు, మాట తక్కువ.

"ఏమైందిరా? కాలిందా?" అన్నాడు భోజన్న.

"కాలలే. అన్నా, నువ్వు ఎత్తిన పాట ఏందో నీకు ఎరుకేనా?"

"తత్వం. మాటలు మార్చిన."

"మాటలు మార్చినవ్. రాగం మార్చినవా? మా నాయినను పాడె మీద తీస్కపోయినప్పుడు ముందల నడుసుకుంట గిదే పాడిండ్రు. వాకిట్ల మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లు కాగవెట్టిండ్రు, తానం జేయిచ్చిండ్రు, గీ పాటతోనే లేవట్టిండ్రు. ఆరుబయట ఉడుకునీళ్లు, సుట్టూత మొగోళ్లు, మీదికెల్లి గీ రాగం. ఏం కావాలె చెప్పు? పాడె ఒక్కటే తక్కువ!"

లింబాద్రి తన పలకను కిందికి దించాడు. "అవునే అన్నా... నాకు మతికి రాలే," అన్నాడు.

భోజన్న చేతిలోని పలక బరువెక్కింది. సదానందం చెప్పినది నిజం. పదిహేనేండ్లు ఆయన ఎత్తిన పాటలలో సగం చావు ఇండ్లలో ఎత్తినవే. శవయాత్ర ముందు వెనుకకు చూడకుండా, అడుగు తప్పకుండా, మోసేవారి భుజాలకు ఊపు అందేటట్లు పాడవలసిన రాగం అది. పలకకు అంత చక్కగా అమరింది అందువల్లనే. కాళ్లకు తెలిసిన సంగతి తలకు తట్టలేదు.

నౌమాన్‌కు విషయం ఉర్దూలో చెప్పితే అతడు చేతులు విప్పాడు. "భోజన్న భాయ్, యహాఁ కిస్‌కో పతా? మీ ఆరుగురికి తప్ప ఈ కొండల్లో ఈ పాట ఎవరికి తెలుసు? నీళ్ల వేడి దిగింది. గురువారానికి ఇంక ఆరు రోజులే."

"మనకు ఎరుక గద," అన్నాడు సదానందం తెలుగులోనే. "అన్నా, గీ నీళ్లల్ల కొత్తగ పెండ్లయినోళ్లు దిగుతరు, ముసలోళ్లు దిగుతరు. మంచిగుండాల్నని దిగుతరు. నువ్వు పాడుతనంటే పాడు. నన్ను మాత్రం హఫర్‌కు తోలుమను. ఎండల సచ్చిన మంచిదే."

ఆ మధ్యాహ్నం భోజన్న పంపు గది నీడలో ఒంటరిగా కూర్చున్నాడు. హఫర్ అల్ బాతిన్ ఎండ ఆయనకు తెలుసు. ఇనుప నిచ్చెన పట్టుకుంటే అరచేతి తోలు ఊడివచ్చే ఎండ. ఈ మోకాలితో అక్కడ రెండు నెలలు కూడా నిలబడలేనని, ఆ తరువాత ఎగ్జిట్ ముద్ర వేసి ఇంటికి పంపుతారని తెలుసు. రాగం చేతిలో ఉంది, నీటి వేడి దిగింది, అడిగేవాడు లేడు. అయినా, ఎవరో తెలియని మనిషి ఆరోగ్యం కోరి కాలు పెట్టే నీటి మీద తాను శవం ముందు నడిచిన పాటను పరచడం ఆయన చేత కాలేదు. లేచి వెళ్లి మొరియామా గదిముందు నిలబడి, ఆ పాటను ఫోనులోనుండి తీసివేయమని నౌమాన్ ద్వారా అడిగించాడు. కారణం కూడా చెప్పించాడు.

మొరియామా నౌమాన్ మాటను చివరిదాకా విన్నాడు. తరువాత ఫోనును భోజన్నకు కనబడేటట్లు పట్టుకుని, ఆయన కండ్లముందే పాటను చెరిపివేశాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"ఏమంటుండు సాబ్?" అని అడిగాడు భోజన్న.

"వాళ్ల దగ్గర కూడా స్నానం దగ్గర పాడకూడనివి ఉంటాయట," అన్నాడు నౌమాన్. "సరే గాని, ఇప్పుడేం పాడతావ్ చెప్పు బాబా!"

లింబాద్రి రెండు సినిమా పాటలు ప్రయత్నించాడు. వాటి వేగానికి పలకలు నీటిని కలపలేదు, కొట్టాయి. నాట్లు వేసేటప్పటి పాట చూశారు. అది వంగి చేసే పని పాట. నిలబడి పలక విసిరేవారి ఊపిరికి సరిపోలేదు. రెండు రోజులు అలా జారిపోయాయి. మూడవనాటి ఉదయం తొట్టి అంచు కడుగుతూ భోజన్న తనను తానే ప్రశ్నించుకున్నాడు. చావు ఇంట్లో గాక, మనవైపు నలుగురు చేరి ఒక మనిషికి వేడినీళ్లు పోసేది మరెక్కడ? సమాధానం వెంటనే దొరికింది. పెండ్లి ఇంట్లో. పెండ్లికి ముందు పసుపు పూసి, పీట మీద కూర్చోబెట్టి, ముత్తైదువలు పాడుతూ నీళ్లు పోసే మైలపోలు. అయితే అది ఆడవారి పాట. మగవాడు ఆ సమయానికి పందిరి గుంజలు పాతుతూనో, వంటచెరుకు మోస్తూనో ఉంటాడు. పాట చెవిన పడుతుందే గాని నోటికి రాదు.

భార్య జయకు ఫోను చేశాడు.

"ఏందయ్యా, గిప్పుడు జేసినవ్? పానం మంచిగుందా?"

"మంచిగనే ఉందే. గదీ... మన కావ్య మైలపోలు నాడు మీరు పాడిన పాట లేదా, నీళ్లు వోసేటప్పుడు. అది జర పాడు."

జయ గట్టిగా, "ఓ వదినే! జర ఇటు రా! మీ తమ్మునికి మైలపోలు పాట గావాల్నట!" అని పిలిచింది. ఇద్దరు ఆడవారి నవ్వు వినిపించింది.

"ఎవలకు లగ్గంరా ఆడ? నీకేనా?" అన్నది అక్క.

"ఆరుగురం మొగోళ్లం పాడాలె అక్కా. నీళ్లు సల్లారాలె. నవ్వుడు కాదు, కొలువు మీదికి వచ్చింది."

విషయమంతా విన్న తరువాత నవ్వు ఆగింది. జయ గొంతు సవరించుకుని ఎత్తింది.

*ఎచ్చ ఎచ్చని నీళ్లు ఎవలు దెచ్చిండ్రు?*
*మేనత్త దెచ్చింది, మెల్లంగ పొయ్యరే!*
*చిన్నమ్మ దెచ్చింది, చెంబెత్తి పొయ్యరే!*

భోజన్న ఎడమచేత ఫోను పట్టుకుని, కుడిచేతిని గాలిలో పలకలాగా త్రిప్పాడు. "పొయ్యరే" అన్నచోట పలక నీటిని తాకుతుంది. మళ్లీ లేచేసరికి తరువాతి చుట్టం వస్తుంది. సరిపోయింది. పాట పొడవు కూడా చేతిలోనే ఉంది. చుట్టాలు ఎందరుంటే అన్ని చరణాలు.

"ఒక్కల చరణం అయిపోయినంక ఆ పేరు మల్ల ఎత్తద్దు," అని జయ హెచ్చరించింది. "ఒక్కలు ఒక్కసారే పొయ్యాలె, రెండుసార్లు పోస్తే అచ్చిరాదు. కావ్యకు పద్దెనిమిది మందిమి పోసినం."

"కావ్య నాయినది ఏమని పాడిండ్రు?"

"నువ్వు హాయిల్ల ఉంటివి గదయ్యా. లేని మనిషిని ఏమని పాడుతం? నీ చరణం దుంకిచ్చినం," అన్నది జయ.

పదేండ్ల క్రిందటి మాట అది. గోధుమకు ఆఖరి తడి పెట్టే వారమని అప్పటి యజమాని సెలవు ఇవ్వలేదు. కూతురి పెండ్లి భోజన్న పంపు పక్కన నిలబడి ఫోనులో చూశాడు. చూసినంతలో సగం, పంపు చప్పుడుకు వినబడలేదు. ఇప్పుడు ఆయన "సరేనే" అని మాత్రమే అన్నాడు. పాటను ఫోనులో పట్టుకుని, దుంకించిన చరణం సంగతి కూడా చెప్పి, మిగిలిన వారికి వినిపించాడు.

మగవారు ఆడవారి పాట నేర్వడం మొదటి పూట వేడుకగానే సాగింది. లింబాద్రి తలమీద తువాలు కొంగులా కప్పుకున్నాడు. సదానందం పలక పట్టుకోవడానికి వచ్చాడు గాని షరతు పెట్టాడు. "పలక కొడుత అన్నా. నోరైతే ఇప్ప. మా ఇంటిది ఇంటే ఊరంత సాటిస్తది, మీ బావ సౌదీల ముత్తైదువ అయిండని." అందరూ నవ్వారు. మరుసటి రోజుకు నవ్వు పోయి పని మిగిలింది. పద్దెనిమిది మంది చుట్టాలు, ఒక్కొక్కరిని మూడేసి సార్లు అందుకోవడం. పద్దెనిమిదో చుట్టం వచ్చేసరికి యాభై రెండు నుండి నీరు నలభై మూడుకు దిగేది. రెండు రోజులు గీటు గీసినట్లు అట్లాగే దిగింది.

గురువారం వచ్చింది. ఆనాటి పొరపాటు భోజన్నదే. దానికి వేరెవరినీ అనడానికి లేదు. ఇరవై ఏండ్ల పంపుపనిలో ఆయనకు ఒక అలవాటు స్థిరపడింది: పెద్దవారు చూడవచ్చే రోజున గొట్టాలు కడగనిదే ఆయనకు తోచదు. ఉదయమే పై ట్యాంకు ఖాళీ చేసి, అడుగున పేరిన పసుపుపచ్చని మడ్డి తోమి, గొట్టమంతా కడిగించి, కొత్త నీరు నింపాడు. నీరు అద్దంలా వచ్చింది. అయితే రాత్రంతా నిలిచి చల్లారవలసిన నీరు కాలువ పాలయింది. మధ్యాహ్నం తొట్టిలోకి దిగిన నీరు బోరు వేడితోనే దిగింది.

అసర్ నమాజు ముగిసింది. కఫీల్ తన ఇద్దరు అన్నదమ్ములతో వచ్చి నీడలో కుర్చీ వేసుకున్నాడు. మొరియామా ప్రక్కన నిలబడ్డాడు. నౌమాన్ వేడిమాపకం ముంచి చూసి, గొంతు తగ్గించి, "యాభై ఏడు," అన్నాడు.

భోజన్నకు తాను చేసినది ఆ క్షణంలోనే అర్థమైంది. చెప్పుకోవడానికి సమయం లేదు. పలక ఎత్తాడు.

*ఎచ్చ ఎచ్చని నీళ్లు ఎవలు దెచ్చిండ్రు?*

మేనత్త వచ్చింది, చిన్నమ్మ వచ్చింది, పెద్దమ్మ, వదినె, మేనమామ, మేనమామ పెండ్లాం వచ్చారు. పలకలు ఒక్క చప్పుడుగా పడ్డాయి. ఆవిరికి ముఖాలు ఎర్రబడ్డాయి. పదవ చుట్టం దగ్గర నౌమాన్ "యాభై రెండు" అన్నాడు. అనగా రోజూ మొదలుపెట్టే చోటికి ఇప్పుడు చేరారు. పదిహేనవ చుట్టానికి యాభై. భోజన్న చరణాన్ని మూడుకు బదులు అయిదుసార్లు అందించాడు. పద్దెనిమిదవది నానమ్మ. నానమ్మ కూడా పోసి వెళ్లింది.

"నలభై ఏడు," అన్నాడు నౌమాన్.

భోజన్న దగ్గర చుట్టాలు అయిపోయారు. ఒకరు రెండుసార్లు పోయరాదు. పలక లేచింది, నోట మాట లేదు. ఉత్తపలక నీటిలో పడింది. లింబాద్రి పలక అరక్షణం వెనుకబడింది. రెండు పలకలు తాకుకుని వేడినీరు గట్టు మీదికి చిందింది. కఫీల్ కుర్చీలో ముందుకు జరిగాడు.

అప్పుడు భోజన్న కుడిప్రక్కనుండి, ఈ రెండు రోజుల్లో ఒక్కసారైనా విప్పని నోరు విప్పి, సదానందం ఎత్తాడు.

*కావ్య నాయిన దెచ్చిండు, కడవెత్తి పొయ్యరే!*

మిగిలిన నలుగురూ అందుకున్నారు. భోజన్న అందుకోలేకపోయాడు. చేతులు మాత్రం పలకను వదలలేదు. రెండవసారి, మూడవసారి వారే పాడారు. నాలుగవసారికి ఆయన గొంతు వారితో కలిసింది. ఆ తరువాత ఆగలేదు. ఇంటి చుట్టాలు అయిపోతే ఇక్కడి మనుషులు లేరా?

*నౌమాను దెచ్చిండు, నవ్వుకుంట పొయ్యరే!*
*మొరియామ దెచ్చిండు, మొక్కుకుంట పొయ్యరే!*

తన పేరు వినబడి మొరియామా నిజంగానే వంగాడు. వంట చేసే బెంగాలీ పోశాడు, ట్యాంకరు నడిపే పఠాన్ పోశాడు, గేటు దగ్గరి సూడానీ ముసలాయన పోశాడు. పోయడానికి మిగిలినవాడు ఒక్కడే.

*కఫీలు మేనమామ, కాళ్ల మీద పొయ్యరే!*

"నలభై మూడు!" అని నౌమాన్ కేక వేశాడు. పలకలు ఆగాయి.

కఫీల్ లేచి వచ్చి, తెల్లని చొక్కా చేయి మోచేతిదాకా ముడిచి, నీటిలో పెట్టి కొంతసేపు ఉంచాడు. పాటలో తన మాట ఎందుకు వచ్చిందని నౌమాన్‌ను అరబ్బీలో అడిగాడు. పెండ్లికూతురికి నీళ్లు పోసే చుట్టాలలో మిమ్మల్ని కూడా కలిపారు, తల్లికి తమ్ముని వరుస పెట్టారు అని నౌమాన్ చెప్పాడు. "ఖాల్? అనా?" అని కఫీల్ తన రొమ్ము మీద వేలు పెట్టుకున్నాడు. అన్నదమ్ములు ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. తరువాత యజమాని గొంతుతోనే చెప్పాడు: ఈ చలికాలమంతా వీరు ఇక్కడే పనిచేస్తారు, యంత్రం సంగతి రంజాన్ గడిచాక ఆలోచిద్దాం.

అది శాశ్వతమైన ఉత్తర్వు కాదని భోజన్నకు తెలుసు. రంజాన్‌కు ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి. చాలు.

కార్లు వెళ్లిన తరువాత ఆరుగురూ తొట్టి నుండి పొర్లిన నీరు పారే కాలువ ఒడ్డున కూర్చుని, పైజామాలు ముడిచి, కాళ్లు అందులో పెట్టారు. వెచ్చని నీరు మోకాలికి తగిలి భోజన్నకు హాయిగా ఉంది.

"పాడ అంటివి గదరా," అన్నాడు సదానందంతో.

"నేనేడ పాడిన? నువ్వు ఊకుంటివి, కాళ్లు కాలుతున్నయ్. మా ఇంటిదానికి జెప్పకుండ్రి," అన్నాడు సదానందం. కొంచెమాగి, "మేనమామను జేసినవ్ గని అన్నా, మేనమామ అన్నంక పుస్తెమట్టెలు దేవాలె. అడుగుదమా కఫీల్‌ను?" అన్నాడు.

"అడుగు, హఫర్‌కు ఒక్కనివే పోతవ్."

నౌమాన్ ఆఫీసు గది గుమ్మంలోనుండి అరిచాడు. రేపు శుక్రవారం, నమాజు తరువాత మూడు కుటుంబాలు వస్తున్నాయట. తొట్టి మూడుసార్లు నింపాలట. ఒక్కో నింపుకు కొత్త పాట కావాలా, పాతదే సరిపోతుందా అని అడిగాడు.

భోజన్న వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. నీరు మూడుసార్లు మారితే పెండ్లికూతుళ్లు ముగ్గురని అనుకోవచ్చు, మేనత్త మూడుసార్లు వచ్చినా తప్పు లేదు. కాని నీరు ఎప్పుడు ఎంత వేడితో దిగుతుందో ఎవరు చెప్పగలరు?

"లింబాద్రీ, ఎవలన్న మిగిలిండ్రారా?"

"మా అత్తగారింటి దిక్కు పదమూడు మంది ఉన్నరే," అన్నాడు లింబాద్రి. "గని ఒక్కలకు ఒక్కలకు మాటల్లేవు. ఒక్కతాన నిలవెడితే నీళ్లు సల్లారుతయో ఇంకింత మరుగుతయో, నాకెరుక లేదు."